రెక్కల కారు, మసక అద్దం

సాక్సుకి చిల్లు పడితే బొటనవేలు బయటపడుతుంది. సంసారానికి చిల్లు పడితే పరువు బయటపడుతుంది. ఆ మధ్యాహ్నం డిటెక్టివ్ భూతద్దానికి ముందు మొదటిది జరిగింది. రెండోది జరగడానికి ఇంకా కాస్త టైముంది.

మాస్టారి వర్క్‌రూములోకి బూట్లతో రాకూడదు. దుమ్ము రేణువొకటి ఎగిరి తడి రంగు మీద వాలిందంటే నెల రోజుల పని గంగపాలు. ఆ సంగతి గుమ్మం మీదే రాసి ఉంది. బూట్లు విప్పాక చూసుకుంటే, పరీక్ష హాల్లో పక్కవాడి పేపర్లోకి తొంగిచూసే వెనకబెంచీ కుర్రాడిలా, కుడి సాక్సులోంచి బొటనవేలు లోకాన్ని చూస్తోంది. భూతద్దం ఎడమ పాదాన్ని దాని మీద వేసి కొంగలా నిలబడ్డాడు. వంద కిలోల కొంగ.

"దాచినకొద్దీ బయటపడుతోంది గురువుగారూ," అన్నాడు లోపల్నుంచి ఇన్‌స్పెక్టర్. పదేళ్ళ కిందట ఇదే ఇన్‌స్పెక్టర్ డిపార్టుమెంటులో భూతద్దం దగ్గర పని నేర్చుకున్నాడు. పనితోపాటు నోరు కూడా నేర్చుకున్నాడు.

"నేరస్థుడి లక్షణమే అంత," అన్నాడు భూతద్దం. "నువ్వు పట్టుకోవాల్సింది బయటపడ్డవాణ్ణి కాదు, దాక్కున్నవాణ్ణి."

"పట్టుకున్నాను కదండీ! వాచీ మెకానిక్ నిన్న సాయంత్రం నుంచీ లాకప్‌లోనే ఉన్నాడు. ఇవాళ ఐదింటికి కోర్టు. మీరు మీ వేలు చూసుకోండి."

సంగతి ఇదీ. ఈ ఇంటాయన ముప్పై ఏళ్ళు బడిలో లెక్కలు చెప్పాడు. రిటైరయ్యాక పాత అమెరికన్ కార్ల బుల్లి నమూనాలు చేయడం మొదలుపెట్టాడు. పెట్టెలో ప్లాస్టిక్ ముక్కలుగా వచ్చే కిట్‌ని అసలు కారులో ఇరవై ఐదో వంతు కారుగా నిలబెట్టడం, అదీ కిట్టువాడు చెప్పినట్టు కాకుండా తన మనసుకి తోచినట్టు కోసి, అతికి, రంగులేసి నిలబెట్టడం ఆయన పిచ్చి. వెనక రెక్కలు లేచి ఉండే కార్లంటే మరీ ప్రాణం. దాంతో లెక్కల మాస్టారు కాస్తా రెక్కల మాస్టారయ్యాడు. ఈ పిచ్చి ఉన్నవాళ్ళందరికీ ఊళ్ళో ఒక క్లబ్బుంది. ఏటా పోటీ పెడతారు. ఒకటే నియమం: కారు ఎవరి పేరుతో పెడితే వాళ్ళ చేతి పనే అయి ఉండాలి.

ఆ మాస్టారు నిన్న ఈ గదిలోనే తల పగిలి పడి ఉన్నాడు. ఇంకా స్పృహ రాలేదు.

ఈ కేసులోకి భూతద్దాన్ని లాక్కొచ్చింది సొంత తమ్ముడు. ఆ క్లబ్బుకి సెక్రటరీ వాడే. "అన్నయ్యా, వాచీ ఆయన అమాయకుడు. నువ్వే తేల్చాలి," అని రాత్రి ఆస్పత్రి నుంచి ఫోను చేసి కాళ్ళా వేళ్ళా పడ్డాడు. తేల్చకపోతే ఎలా? తమ్ముడంటే భూతద్దానికి ఛాతీ పొంగుతుంది. ఆ మాటకొస్తే పొట్ట ఛాతీని దాటి చాలాకాలమైంది గానీ, తమ్ముడి పేరెత్తితే మాత్రం రెండూ సమానమవుతాయి.

గది పొడుగునా బల్ల. బల్ల మీద రంగు డబ్బాలు, సన్న బ్లేళ్ళు, నాలుగు రకాల పట్టకార్లు.

"చూశారా, పట్టకారులో కూడా కారుంది!" అన్నాడు భూతద్దం. నవ్వడానికి అక్కడున్నది ఇన్‌స్పెక్టరూ, మాస్టారి కూతురూ. ఆమె పళ్ళ డాక్టరు. రాత్రంతా ఆస్పత్రిలో కూర్చున్న కళ్ళు. భూతద్దం గొంతు సర్దుకున్నాడు. చెప్పుకున్న జోకు తిరిగొచ్చి సొంత మొహం మీదే పడటం ఆయనకి కొత్త కాదు, కానీ ఇంత మెత్తగా ఎప్పుడూ పడలేదు.

"క్షమించమ్మా. నిన్న ఏం జరిగిందో ఒక్కసారి చెప్తావా?"

"భోజనం అయ్యాక రెండింటికి క్లినిక్‌కి వెళ్ళానండి. నాన్నగారు అప్పటికే ఇక్కడ కూర్చున్నారు. నాలుగింటికి నేనొచ్చేసరికి మీ తమ్ముడుగారు వీధి గేటు దగ్గర ఎదురయ్యారు. ఇద్దరం కలిసే లోపలికొచ్చాం. నాన్నగారు ఈ బల్ల మూల పక్కన..." ఆమె ఆగిపోయింది. "అంబులెన్సుకి ఫోన్ చేసింది ఆయనే. అప్పట్నుంచీ ఆస్పత్రి కదల్లేదు. కాఫీ కూడా తాగలేదు పాపం."

"మావాడంతే," అన్నాడు భూతద్దం, పొట్టా ఛాతీ సమానం చేస్తూ. "మధ్యలో ఎవరొచ్చారు?"

దానికి జవాబు ఇన్‌స్పెక్టర్ ఇచ్చాడు. "రెండున్నరకి వాచీ మెకానిక్ వచ్చాడు. మాస్టారి దగ్గర అరువు తీసుకున్న పట్టకారు తిరిగివ్వడానికట. ఎదురింటావిడ చెప్పింది, లోపల్నుంచి కేకలు. 'చెయ్యి ఒకరిది, పేరు ఒకరిదా! రేపు క్లబ్బులో అందరి ముందూ చెప్పేస్తా మాస్టారూ' అని అరిచి, తలుపు విసిరికొట్టి పోయాడు. పోయినేడాది తప్పితే ఏటా మాస్టారికి ఫస్టు, వీడికి సెకండు. కుళ్ళు! మాస్టారు చేసేవి వేరేవాళ్ళ చేతి పని అని నింద వెయ్యబోయాడు. ఆయన ఎదురు తిరిగాడు, వీడు తోశాడు. కేసు క్లోజు."

"తోసినవాడు కేకలేసి, తలుపు బాది, ఊరంతా చూస్తుండగా వెళ్తాడటయ్యా? నేను నీకు ఇదేనా నేర్పింది?"

"మీరు నేర్పిందాంట్లో పనికొచ్చింది వాడుకున్నా. మిగతాది మీకే ఉంచా."

"ఆస్పత్రిలో కానిస్టేబుల్ని ఎందుకు తీసేశావు?"

"దొంగ దొరికాక కాపలా ఎందుకండీ? పైగా రాత్రి మీరే కదా అన్నారు, 'మా తమ్ముడున్నాడు, వాడుంటే పది మంది పోలీసులున్నట్టే' అని."

అన్నమాట నిజమే. భూతద్దం మాట మార్చాడు. మాట మార్చాల్సొచ్చినప్పుడల్లా ఆయన చెయ్యి దానంతటదే జేబులోకి పోయి ఫోను తీస్తుంది. ఫోనులో తమ్ముడి కారు ఫోటో ఉంటుంది.

"నాకూ ఈ విద్య తెలీదనుకోకయ్యా. మా ఇంట్లోనే ఉంది. ఇదిగో, పోయినేడాది పోటీలో మావాడికి కప్పు తెచ్చిన కారు. యాభై ఏడు షెవ్రొలే. ఎర్రది! మా హాల్లో అద్దాల బీరువాలో పెట్టాం. వచ్చిన ప్రతివాడికీ బానెట్ ఎత్తి ఇంజన్ చూపిస్తాను. ఇదిగో ఇంజను. కళాకారుడన్న మాటలోనే కారుంది డాక్టరమ్మా! మా వంశంలో ఇన్నాళ్ళకి ఒక కళాకారుడు."

ఆమె ఫోను అందుకుంది. ఫోటో పెద్దది చేసి చూసింది. ఇంజను దగ్గర ఆమె వేళ్ళు ఆగాయి. ఇంకా పెద్దది చేసింది. ఆ తర్వాత ఏమీ అనకుండా, భూతద్దం మొహంలోకి చూడకుండా, ఫోను తిరిగిచ్చేసింది.

మాటల్లేకుండా మెచ్చుకుంది కాబోలనుకున్నాడు భూతద్దం.

"ఇంతకీ ఈ ఏడాది పోటీ కారేదమ్మా?"

ఆమె బల్ల చివర చూపించింది. నల్ల పీట మీద బుల్లి కారు. దాని మీద బోర్లించిన అద్దం లాంటి ప్లాస్టిక్ మూత. యాభై తొమ్మిదో మోడల్ క్యాడిలాక్. పైకప్పు కోసేశారు, ఒళ్ళు నేలకి దించారు, తలుపులకి నిజంగా తెరుచుకునే కీళ్ళు పెట్టారు. వెనక రెక్కలు రెండూ ఎగరడానికి పర్మిషన్ కోసం చూస్తున్నట్టున్నాయి.

"మూత మీద ముద్రలు తీశాం," అన్నాడు ఇన్‌స్పెక్టర్. "ఒక్కటీ లేదు. పైనంతా శుభ్రంగా తుడిచేసుంది. మాస్టారు చాదస్తుడు కదా, రోజూ తుడుస్తాడు."

భూతద్దం తన పేరుకి మూలమైన వస్తువు జేబులోంచి తీసి వంగాడు. వంగుతుంటే పొట్ట బల్ల అంచుకి తగిలి ఒక రంగు డబ్బా దొర్లింది. డాక్టరమ్మ దాన్ని కిందపడకుండా పట్టుకుంది. ఆయన చెవులు ఎర్రబడ్డాయి. అయినా చూపు కారు మీదనుంచి తీయలేదు.

"ముందద్దం మీద ఆ తెలుపేమిటమ్మా? మంచు పడ్డట్టు చేశారా నాన్నగారు?"

ఆమె దగ్గరికొచ్చి చూసింది. చూసి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

"అయ్యయ్యో! ఎవరు చేశారండీ ఇది? మొన్న నేను చూసినప్పుడు నీళ్ళలా మెరిసింది!"

"ఏమైంది?"

"సూపర్‌గ్లూతో అతికించారు. ఫ్రేము అంచున చూడండి, చుక్క గట్టిపడి ఉంది. ఆ గమ్ము ఆరేటప్పుడు ఆవిరి వదుల్తుంది. ఆవిరి తగిలిన చోటల్లా పారదర్శకంగా ఉన్న ప్లాస్టిక్ తెల్లగా మసకబారిపోతుంది. అద్దం ముక్కలకి తెల్ల గమ్మే వాడాలి, పిల్లలు కాగితాలకి వాడేది. ఆరడానికి గంటలు పడుతుంది, కానీ మసక రాదు. ఈ పనిలో మొదటి రోజు నేర్చుకునేది అదే. మొదటి కారుకి అందరూ ఈ తప్పు చేస్తారు, ఏడుస్తారు, మళ్ళీ జన్మలో చెయ్యరు. మా నాన్నగారు చావనైనా చస్తారు గానీ..." నోరు జారినందుకు ఆమె కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

భూతద్దం మెల్లగా లేచాడు. మెదడులో ఏదో గేరు పడింది.

"అంటే పెనుగులాటలో కారు కిందపడింది. ముందద్దం ఊడింది. తోసినవాడు దాన్ని హడావిడిగా అతికించి, మళ్ళీ పీట మీద పెట్టి, మూత వేసి, పైన తుడిచాడు. ఎందుకూ? మాస్టారు తనంతట తనే జారి పడ్డాడనిపించడానికి."

"వాచీ మెకానిక్ చేశాడన్నమాట," అన్నాడు ఇన్‌స్పెక్టర్.

"ఏమయ్యా, చెవుల్లో కూడా గమ్మేశావా? వాచీ అద్దాలు బిగించి బతికేవాడయ్యా అతను! క్లబ్బులో సెకండు వచ్చేవాడు. నిద్రలో లేపి అడిగినా తెల్ల గమ్మే తీస్తాడు. పోనీ బయటి దొంగా? దొంగైతే కారు ఎత్తుకుపోతాడు, ఊడిన అద్దం అతికించి మర్యాద చేస్తాడా? ఇది క్లబ్బు మనిషి పనే. కానీ జన్మలో ఒక్క కారూ చెయ్యని క్లబ్బు మనిషి. చేసేవారు కారు, చెయ్యనివారు కారు..."

"మరి ఎవరి కారు?" అన్నాడు ఇన్‌స్పెక్టర్ నవ్వుతూ. "ఒక్క కారూ చెయ్యనివాణ్ణి క్లబ్బులో చేర్చుకోరు గురువుగారూ. పోటీకి కారు పెడితేనే సభ్యత్వం. మీ సిద్ధాంతానికి టైర్లు లేవు." జేబులో ఫోను మోగి అతను బయటికి నడిచాడు. పోతూ పోతూ గుమ్మంలో ఆగాడు. "ఐదింటికి కోర్టు. ఆలోపు వేలు లోపల పెట్టుకోండి."

గదిలో ఇద్దరే మిగిలారు. డాక్టరమ్మ కిటికీ వైపు చూస్తూ నిలబడింది. భూతద్దం అలవాటుగా రెక్కల కారు బానెట్ కేసి చూశాడు. అది కొద్దిగా ఎత్తి ఉంది. లోపల ఇంజను, వెంట్రుకంత సన్నని తీగలు.

"ఈ తీగలు భలే మెలిపెట్టారమ్మా."

"పళ్ళకి కట్టే తీగండి. నా క్లినిక్ నుంచే తీసుకెళ్తారు." ఆమె ఇటు తిరగలేదు. "నాన్నగారిది ఎడమచేతి వాటం. అందరూ తీగని కుడికి మెలిపెడితే ఆయన ఎడమకి పెడతారు. సంతకం అక్కర్లేదు, ఇది చాలు అనేవారు."

భూతద్దం ఫోను తీశాడు. ఎర్ర షెవ్రొలే. బానెట్ ఎత్తి, వచ్చిన ప్రతివాడికీ తను వేలు పెట్టి మరీ చూపించిన ఇంజను. తీగలు ఎడమకి మెలితిరిగి ఉన్నాయి. ఒక్కటి కాదు, అన్నీ.

ఆమె అప్పుడెందుకు మాట్లాడకుండా ఫోను తిరిగిచ్చిందో ఇప్పుడర్థమైంది. మెచ్చుకుని కాదు. జాలిపడి.

"నీకు తెలుసా అమ్మా?" అన్నాడు భూతద్దం.

"రెండేళ్ళ కిందట నాన్నగారు ఎర్రదొకటి చేశారు. ఎవరికని అడిగితే, 'పాపం ఒకడికి చేతకాదు, వాళ్ళన్నయ్య ముందు తల ఎత్తుకోవాలని ఉందట. ఒక్కసారికేలే' అన్నారు. పేరు చెప్పలేదు. దాన్ని పోటీకి పెట్టారనీ, అదే కప్పు కొట్టిందనీ ఇందాక మీ ఫోనులో చూసేదాకా నాకూ తెలీదు."

*చెయ్యి ఒకరిది, పేరు ఒకరిదా.* వాచీ మెకానిక్ అరిచింది మాస్టారి మీద కాదు. మాస్టారి మంచితనం మీద. అతను పోయాక మాస్టారు ఎవరికి కబురు పెట్టి ఉంటారు? 'రేపు అతను చెప్పేలోపు నువ్వే చెప్పెయ్ నాయనా' అని ఎవరితో అని ఉంటారు? ఎదురింటావిడ కంట పడకుండా వెనక తలుపు తెరుచుకుని రావడానికి తాళంచెవి, క్లబ్బు సామాను ఈ ఇంట్లోనే దాచే సెక్రటరీ దగ్గర కాక ఇంకెవరి దగ్గరుంటుంది? వెనకనుంచి పోయి, చుట్టు తిరిగి, వీధి గేటు దగ్గర ఎదురైనవాడు ఎవడు?

ఆమె ఫోను మోగింది. "ఆస్పత్రి," అంటూ కారిడార్లోకి పరిగెత్తింది.

భూతద్దం ఒంటరిగా మిగిలాడు. ఇంకా ఒక్క ఆశ ఉంది. ఎడమ మెలిక తీగలు తమ్ముడు అబద్ధాలకోరని చెప్తాయి, అంతే. చేసింది వాడేనని చెప్పవు. టార్చి వెలిగించి మూత మీద పక్కవాటుగా వేశాడు.

అద్దం అబద్ధం ఆడదు. మూత లోపలి గోడ మీద, తెల్లగా, ముగ్గుపిండితో గీసినట్టు, ఒక బొటనవేలి ముద్ర.

డిపార్టుమెంటులో ఉన్నన్నాళ్ళూ ల్యాబులో చూసిందే. కనపడని ముద్రలున్న వస్తువుని గాజు పెట్టెలో పెట్టి ఇదే గమ్ము ఆవిరి పట్టిస్తారు. వేలి చెమట మీద ఆవిరి పేరుకుని ముద్ర తెల్లగా తేలుతుంది. వాడు మూత పైన తుడిచాడు, లోపల మరిచాడు. మూత వేసి, ఆవిరిని లోపల బంధించి, తన ముద్రకి తనే ల్యాబు కట్టించుకున్నాడు. నిన్న పోలీసులు చూసినప్పుడు లేనిది రాత్రికి రాత్రే పూసింది.

ముద్ర మీద ఏటవాలుగా ఒక గీత. కోసుకున్న మచ్చ. ఆ వేలికి కట్టు కట్టింది భూతద్దమే. "కారు చేస్తుంటే బ్లేడు గీసుకుంది అన్నయ్యా," అన్నాడు వాడు. కళాకారుడి గాయమని చుట్టాలందరికీ ఫోన్లు చేసి చెప్పాడు తను. అది ఏ డబ్బా మూత తీస్తూ కోసుకున్న గాయమో, ఆ దేవుడికెరుక.

చదువు రానివాణ్ణి వేలిముద్రగాడంటారు. ఇన్నాళ్ళూ తను ఊరంతా ఊరేగించిన కళాకారుడు, ఆ విద్యలో వేలిముద్రగాడు.

తల పగిలింది మాస్టారికి. తల కొట్టేసినట్టయింది భూతద్దానికి.

జేబురుమాలు ఎప్పుడు చేతిలోకొచ్చిందో ఆయనకి తెలీదు. మూత అంచు ఎత్తి, కాస్త నోటి తడి చేసి గట్టిగా రుద్దితే పోతుంది. పోయాక? వాచీ మెకానిక్ కోర్టుకెళ్తాడు. పొద్దున లాకప్‌లో అతని చేతులు చూశాడు. జుట్టంత స్ప్రింగుని గాల్లో నిలబెట్టే చేతులు, టీ గ్లాసు పట్టుకోలేక ఒలకబోసుకున్నాయి. "సార్, నా చేతులు ఇలా వణకడం నేనెప్పుడూ చూళ్ళేదు," అన్నాడతను, వేరేవాళ్ళ చేతుల గురించి చెప్తున్నట్టు.

మూత అంచు ఒక వేలెడు లేచింది. రుమాలు ముద్రకి దగ్గరగా వెళ్ళింది.

"ఏం తుడుస్తున్నారు గురువుగారూ?"

గుమ్మంలో ఇన్‌స్పెక్టర్.

"మా ఇంటి పరువు," అన్నాడు భూతద్దం.

"అయిందా తుడవడం?"

"కాలేదు. మురికి రుమాలుదే." మూత దించేశాడు. "ఇటు రావయ్యా. టార్చి పట్టుకో. అది మా తమ్ముడి బొటనవేలు. కుడి చెయ్యి. ఏటవాలుగా మచ్చ ఉంటుంది, సరిచూసుకో. వాచీ ఆయన్ని వదిలెయ్. ఇప్పుడు నేను రుమాలు తీసిన సంగతి కూడా రాసుకో."

ఇన్‌స్పెక్టర్ వంగి చాలాసేపు చూశాడు. వెక్కిరిస్తాడని భూతద్దం ఎదురు చూశాడు. టైర్ల మీదో, బంపర్ మీదో, కనీసం సాక్సు మీదైనా ఒక్క మాట. ఇన్‌స్పెక్టర్ నవ్వలేదు. రుమాలు గురించి ఒక్క ముక్క అనలేదు. "కూర్చోండి సార్," అన్నాడంతే. పదేళ్ళలో అతను వెటకారం లేకుండా సార్ అనడం అదే మొదలు. భూతద్దానికి భూమిలోకి దిగిపోవాలనిపించింది.

డాక్టరమ్మ పరిగెత్తుకుంటూ వచ్చింది. మొహం వెలిగిపోతోంది.

"నర్సు ఫోనండీ! నాన్నగారు కదులుతున్నారట! పెదవులు కదిపారట! మీ తమ్ముడుగారు, నేను చూసుకుంటాను మీరు డాక్టర్ని పిలవండని తనని బయటికి..." ఇద్దరి మొహాలూ చూసి ఆమె ఆగిపోయింది. "ఏమైంది?"

ఇన్‌స్పెక్టర్ అప్పటికే జీపు వైపు పరిగెడుతున్నాడు. కాపలా లేదు. ఎవరి మాట మీద తీసేశారో ఇద్దరికీ తెలుసు. భూతద్దం బూట్ల మాట మరిచి సాక్సులతోనే వెనక పరిగెడుతూ తమ్ముడి నంబరు నొక్కాడు.

చాలాసేపు మోగాక వాడు ఎత్తాడు.

"అన్నయ్యా." గొంతు చాలా మెల్లగా ఉంది. "మాస్టారు కళ్ళు తెరిచారు. నన్నే చూస్తున్నారు."

"గదిలో ఇంకెవరున్నారురా?"

"ఎవరూ లేరు."

"తలుపు తీసిపెట్టు. నేనొస్తున్నా."

"అద్దం చూశావా?"

"చూశాను."

అటువైపు ఏడుపో నవ్వో తేలని చప్పుడు. "చూస్తావనే నిన్ను పిలిచా. రాత్రంతా చూడవేమోనని భయం. పొద్దున్నుంచీ చూస్తావేమోనని భయం."

"ఒరేయ్ చిన్నోడా, నా మాట విను. ఆయన్ని ముట్టుకోకు. అన్నీ మళ్ళీ అతుక్కుంటాయిరా. నేను అతికిస్తా."

ఫోనులో ఒక కుర్చీ జరిగిన చప్పుడు. అడుగులు. ఆ తర్వాత, లోపల్నుంచి, తలుపు గడియ పడిన చప్పుడు.

"అతికించడం నాకు రాదన్నయ్యా," అన్నాడు తమ్ముడు.